అమ్మమ్మ చీరలతో పసిపిల్లల బొంతలు కుట్టాను

2024 జూలైలో మొదలుపెట్టి 2025 ఆగస్టు దాకా మూడు బొంతలు కుట్టాను. మూడూ పసిపిల్లలకే. ఒకటి మా చెల్లి కొడుక్కి, ఒకటి డాలస్‌లో ఉన్న పిన్ని కూతురి పాపకి, ఇంకొకటి నా స్నేహితురాలి పాపకి. దిగేముందు పది రోజుల పని అనుకున్నాను. మొదటి బొంతకే నాలుగు నెలలు పట్టింది. ఎవరైనా ఇలాంటిది కుట్టాలనుకుంటే ఏ దశలో ఎంత కాలం పడుతుందో, ఎక్కడ గుండె జారుతుందో ముందే తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

2024 జూలై 14, ఆదివారం. చెల్లికి నాలుగో నెల దాటిందని కబురు తెలిసి అమలాపురం అమ్మ దగ్గరికి వెళ్ళాను. అమ్మమ్మ పోయి అప్పటికి రెండేళ్ళు. ఆవిడ పట్టుచీరలు కూతుళ్ళు, కోడళ్ళు పంచుకున్నారు. ఇంట్లో రోజూ కట్టుకున్న నేత చీరలు మాత్రం ఎవరూ తీసుకెళ్ళలేదు. ట్రంకు పెట్టెలో కలరా ఉండల మధ్య పదకొండు చీరలు అలాగే ఉన్నాయి. చాలావరకు బండారులంక మగ్గాల మీద నేసినవే. మీగడ రంగు మీద ఆకుపచ్చ అంచు చీర ఒకటి నాకు బాగా గుర్తు. మా ఇద్దరికీ జ్వరాలొస్తే ఆ చీర కొంగే కప్పి పడుకోబెట్టేది. అది చేతిలోకి తీసుకోగానే బొంత కుట్టాలన్న ఆలోచన వచ్చింది.

అమ్మకి చెప్తే వెంటనే వద్దంది. "కడుపులో ఉండగానే బిడ్డకి గుడ్డలు కుట్టకూడదే. పుట్టాక కుట్టు." మా వైపు పెద్దవాళ్ళు చాలామంది ఇదే మాట అంటారు. పుట్టాకే మొదలుపెడితే ఇరవై ఒకటో రోజు ఉయ్యాల్లో వేసే నాటికి బొంత పూర్తవదు. ఆవిడ మాట కాదని కుట్టే ధైర్యం కూడా నాకు లేదు. ఆ రోజంతా ఇద్దరం మాట్లాడుకోలేదు. రాత్రి భోజనాల దగ్గర అమ్మే అంది: "బొంత కుట్టుకో, ఎవరికని అనుకోకు. నాలుగో అంచు మాత్రం మూయకు. బిడ్డ క్షేమంగా పుట్టాక ఆ అంచు మూద్దాం." ఇది శాస్త్రంలో ఉందో లేదో నాకు తెలియదు, నన్ను సంతోషపెట్టడానికే అలా అందేమో కూడా. కానీ ఆ మాట పట్టుకునే పని మొదలుపెట్టాను. చెల్లికి మాత్రం చెప్పలేదు.

మొదటి దెబ్బ చీరలు ఏరేటప్పుడే తగిలింది. చూడ్డానికి అన్నీ బాగానే ఉన్నాయి. కిటికీకి అడ్డంగా పట్టుకుని చూస్తే కుచ్చిళ్ళు వచ్చే చోట, కూర్చునే చోట నూలు పలచబడి వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు వచ్చింది. రెండు చేతుల్తో పట్టుకుని కొంచెం లాగి చూడమంది అమ్మ. ఒక నీలం చీర లాగగానే చర్రుమని జానెడు చిరిగిపోయింది. చేతిలో చిరుగు పట్టుకుని ఏడ్చేశాను. అమ్మ దాన్ని తీసుకుని మడతపెట్టి, "కట్టీ కట్టీ చిరిగిందే అది, నువ్వు చింపింది కాదు" అంది. పదకొండులో ఐదు చీరలే నిలిచాయి. కొంగులూ లోపలి చెంగులూ అన్నింటిలోనూ గట్టిగానే ఉన్నాయి. చిరిగిన చీరల్లోంచి కూడా ఆ భాగాలు తీసుకోవచ్చు, పారేయకండి.

చీరలు రాజమండ్రి తెచ్చుకుని ఉతకడానికే ఒక వారం పట్టింది, జూలై 20 నుంచి 28 వరకు. అమ్మమ్మ చీరలకి గంజి బాగా పెట్టేది. వేణ్ణీళ్ళలో రాత్రంతా నానబెడితే పొద్దున్నకి బకెట్లో నీళ్ళు తెల్లగా జిగురుగా తయారయ్యాయి. గంజి పూర్తిగా పోకపోతే పొరల మధ్య పురుగు చేరుతుంది. కలరా ఉండల వాసన పోవడానికి మూడు ఉతుకులు, మూడు ఎండలు కావలసి వచ్చాయి. పసిబిడ్డ ముక్కు ఆనించే గుడ్డ కాబట్టి ఇందులో తొందరపడలేదు. రంగు దిగుతుందేమో చూడ్డానికి తడిపిన తెల్ల చేతిరుమాలు చీర మీద పరిచి ఇస్త్రీ పెట్టె అద్దాను. నాలుగు చీరలకి రుమాలు తెల్లగానే ఉంది, మెరూన్ చీరకి గులాబీ రంగైంది. ఇంకో నాలుగు నీళ్ళు మార్చినా దిగుతూనే ఉంది. అది నాకు చాలా ఇష్టమైన చీర. పక్కన పెట్టేశాను.

కొలత 36 అంగుళాలు, 45 అంగుళాలు పెట్టుకున్నాను. ఐదు పొరలు. పైన మీగడ రంగు చీర, మధ్యలో మిగతా మూడు చీరల ముక్కలు, బిడ్డ ఒంటికి తగిలే వైపు తాతయ్య మల్లు పంచె. నేత గుడ్డని కత్తెరతో కోస్తే వంకర పోతుంది. అంచున చిన్న గాటు పెట్టి చేత్తో చింపితే పోగు వెంట తిన్నగా వస్తుంది. ఒక చీరకి సన్నటి జరీ ఉంది. చెంప మీద రాసుకుని చూస్తే గీసుకుంది. ఆ అంచు మొత్తం తీసేశాను.

ఆ తర్వాత చేసిన పొరపాటుకి పది రోజులు పోయాయి. చేత్తో కుట్టడం ఎందుకులే అని ఆగస్టు 6న ఒక టైలర్‌కి ఇచ్చాను, 300 రూపాయలు. పదో తేదీన ఇచ్చాడు. పైకి బాగుంది. తిప్పి చూస్తే పంచె వైపు అంతా ముడతలు. మిషన్ పళ్ళు కింది పొరని ముందుకి లాగుతుంటే పాదం కింద పై పొర వెనకబడుతుంది. ఐదు పొరలు కాబట్టి ప్రతి వరసకీ కొంచెం కొంచెం జరిగి చివరికి ఒక పక్క రెండు అంగుళాల తేడా వచ్చింది. ఆయన్ని అనడానికేం లేదు, బొంత మిషన్ మీద కుట్టమని ఇచ్చింది నేనే. మూడు సాయంత్రాలు కూర్చుని ఆ కుట్లన్నీ విప్పాను. విప్పుతుంటే పంచె రెండు చోట్ల చిల్లుపడింది. దానికి రెండు చిన్న అతుకులు వేశాను.

ఆగస్టు 15 సెలవు రోజు. హాలంతా తడిగుడ్డ పెట్టి తుడిచి, ఆరాక పొరలు మళ్ళీ పరిచాను. ఒక్కో పొరనీ ఇస్త్రీ చేసి వేడి తగ్గకముందే పరిస్తే కదలకుండా అతుక్కుంటుంది. మావారు ఒక వైపు, మా బాబు ఒక వైపు పట్టుకున్నారు. నలభై గుండుసూదులు గుచ్చి, మధ్య నుంచి అంచులకి పొడవాటి కచ్చా కుట్లు వేసి, సూదులు తీసేశాను. డబ్బాలో వేస్తూ లెక్కపెట్టాను. ముప్పై తొమ్మిది.

మళ్ళీ లెక్కపెట్టాను. ముప్పై తొమ్మిదే. హాలు ఊడ్చాం, సోఫా జరిపాం, చాప దులిపాం. బొంత మీద అరచేత్తో అంగుళం అంగుళం నొక్కి చూశాను, ఏమీ తగల్లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రేపు బిడ్డని దీని మీద పడుకోబెడితే, అన్న ఆలోచన దగ్గరే ఆగిపోయేది మనసు. కుట్టు విప్పి మళ్ళీ మొదలుపెడదామా, అసలు మానేద్దామా అనుకున్నాను. మూడో రోజు మావారు పాడైన స్పీకర్లోంచి అయస్కాంతం ఊడదీసి ఇచ్చారు. బొంత మీద నెమ్మదిగా జరుపుతూ పోతే ఎడమ వైపు మూల దగ్గర గుడ్డ సన్నగా పైకి లేచింది. రెండో పొరకీ మూడో పొరకీ మధ్య అడ్డంగా పడుకుని ఉంది సూది. పరిచేటప్పుడు జారిందన్నమాట. అరచేతికి తగలకుండా అంత చదునుగా ఉంది. మిగతా రెండు బొంతలకీ గుండుసూదులు ముట్టుకోలేదు, కచ్చా కుట్లతోనే సరిపెట్టాను. మీరు వాడితే మాత్రం ఎన్ని గుచ్చారో కాగితం మీద రాసుకోండి. చివర్లో అయస్కాంతంతో ఒకసారి చూడందే ఎవరి చేతికీ ఇవ్వకండి.

వరలక్ష్మీ వ్రతం అయ్యాక ఆగస్టు 19, సోమవారం చేతి కుట్టు మొదలుపెట్టాను. మా అమ్మమ్మ కాలంలో బొంతని అంచు నుంచి చుట్టూ తిరుగుతూ మధ్యకి కుట్టుకొచ్చేవారు. నాకు అంత చేయి తిరగలేదు కాబట్టి అడ్డంగా తిన్నటి వరసలు వేశాను. వరసకీ వరసకీ ఒకటిన్నర సెంటీమీటర్లు, మొత్తం 75 వరసలు. ఒక్కో వరసకి ఇరవై నిమిషాలు. అంటే కుట్టే సమయమే 25 గంటలు. ఆఫీసు, వంట, బాబు చదువు అయ్యాక రోజుకి రెండు వరసలు కుదిరితే గొప్ప.

సూది విషయంలో ఒక మాట. దబ్బనంతో కుడితే త్వరగా అవుతుంది గానీ పాత గుడ్డకి పెద్ద బెజ్జాలు పడతాయి. పొడవు సూది ఐదు పొరల్లో వంగిపోతుంది. పొట్టిగా, సన్నగా ఉన్న సూదే బాగుంది. ఒక్కోసారికి రెండు మూడు కుట్లే ఎక్కుతాయి, కానీ వెనక వైపు కూడా కుట్టు సమంగా పడుతుంది. రెండో రోజే మధ్య వేలికి గుచ్చుకుని పంచె మీద రక్తపు చుక్క పడింది. వెంటనే చన్నీళ్ళు, సబ్బు పెడితే పోయింది. వేణ్ణీళ్ళు పోస్తే మరక నిలిచిపోయేది. వేలికి ఇత్తడి తొడుగు పెట్టుకున్నాక పని కుదురుకుంది. అయినా వారానికల్లా బొటనవేలి కీలు నొప్పి పట్టుకుంది. రెండు రోజులు ఆపి మళ్ళీ కుట్టాను.

సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ మునిగిన వారం, మా దగ్గరా ముసురే. బొంతని మడిచి బీరువాలో పెట్టాను. నాలుగు రోజులకి తీస్తే ముక్కవాసన. గుడ్డ తడవలేదు, గాలి తేమకే అలా అయింది. ఎండ వచ్చే దాకా ఫ్యాను కింద కుర్చీల మీద పరిచి ఉంచాను.

67వ వరస దగ్గర దారం అయిపోయింది. ఆకుపచ్చ కాటన్ దారం ఉండ ఒకటి చాలనుకున్నాను. ఉండ మీద కాగితానికి రంగు నంబరు ఉంటుంది, అది మొదటి రోజే చించి పారేశాను. మెయిన్ రోడ్డులో మూడు షాపులు తిరిగాను, ప్రతి ఆకుపచ్చా దగ్గరగానే ఉంది, ఏదీ అదే కాదు. చివరికి ఒక పిసరు ముదురు రంగు తీసుకున్నాను. అందుకే చెల్లి కొడుకు బొంతలో చివరి ఎనిమిది వరసలు కొంచెం చిక్కగా ఉంటాయి. అక్టోబరు 6న వరసలు పూర్తయ్యాయి, దసరా నాటికి మూడు అంచులు మూశాను. నాలుగో అంచు తెరిచే ఉంచి, సూదికి దారం ఎక్కించి ఆ గుడ్డకే గుచ్చి, పాత దిండు గలీబులో చుట్టి బీరువా పై అరలో పెట్టాను.

చెల్లికి డాక్టర్లు ఇచ్చిన తేదీ డిసెంబరు 18. నవంబరు 21, గురువారం సాయంత్రం హైదరాబాదు నుంచి మరిది ఫోన్ చేశాడు. బాబు పుట్టాడు, 2 కిలోల 100 గ్రాములు, ఊపిరి సరిగా అందడం లేదని ఎన్ఐసీయూలో, అంటే పసికందుల ఇంటెన్సివ్ కేర్‌లో పెట్టారు. ఆ రాత్రే గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. బట్టలు సర్దుకుంటూ బీరువా పై అర వైపు చూశాను. తీసుకెళ్ళాలా వద్దా? అమ్మకి ఫోన్ చేస్తే, "తీసుకెళ్ళు. అక్కడే కుడుదువుగాని" అంది.

శుక్రవారం పొద్దున్న ఆసుపత్రిలో చెల్లిని చూశాను. అది ఇంకా లేవలేకపోతోంది. బాబుని చూడ్డానికి తల్లిదండ్రులనే, అదీ చెప్పిన వేళకే పంపిస్తున్నారు. మరిది ఫోన్లో తీసిన ఫోటో చూపించాడు. ఎన్ఐసీయూ బయట ఇనుప కుర్చీల వరస ఉంది. మధ్యాహ్నం డాక్టరు బయటికి వచ్చి ఆక్సిజన్ తగ్గించామని, పాలు పట్టడం మొదలుపెడతామని చెప్పారు. అప్పుడు సంచిలోంచి బొంత తీసి ఒళ్ళో పరుచుకున్నాను. 36 అంగుళాల అంచు, మామూలుగా అయితే గంట పని. ఆ రోజు రెండు గంటలు పైనే పట్టింది. నాలుగు కుట్లు వేసి తలుపు వైపు చూడటం, మళ్ళీ నాలుగు కుట్లు. పక్క కుర్చీలో ఉన్న ఒక పెద్దావిడ, ఆవిడ మనవరాలు కూడా లోపలే ఉంది, బొంత రెండో కొస పట్టుకుని కూర్చుంది. ఎవరికని అడగలేదు. ముడి వేసి దారం కొరికేటప్పుడు మాత్రం "అయిందా అమ్మా" అంది.

కుట్టడం అయింది గానీ, బొంత లోపలికి పంపనివ్వలేదు. ఇంటి గుడ్డ ఏదీ ఎన్ఐసీయూలోకి రాకూడదట, ఇన్ఫెక్షన్ భయం. ఆ మాట సబబే, కానీ అప్పుడు చాలా బాధనిపించింది. ఆరు రోజులు బొంత చెల్లి మంచం మీదే ఉంది. అది బాబుకి బదులు దాన్నే దగ్గర పెట్టుకుని పడుకుంది. మీగడ రంగు చీరని చూడగానే గుర్తుపట్టింది, "జ్వరం చీర" అంది.

డిశ్చార్జి రోజు పిల్లల డాక్టరు చెప్పిన మాట ఇంకొకటి నేను అనుకోనిది. పసిబిడ్డ నిద్రపోయేటప్పుడు దుప్పట్లు, బొంతలు కప్పకూడదు, దిండు పెట్టకూడదు, వెల్లకిలా పడుకోబెట్టాలి, ముఖం మీదకి జారే గుడ్డ ఏదీ దగ్గర ఉండకూడదు. కప్పడానికని కుట్టిన బొంత కప్పడానికి పనికిరాదన్నమాట. నూనె రాసేటప్పుడు, స్నానం అయ్యాక తుడిచేటప్పుడు, మెలకువగా ఉన్నప్పుడు కింద పరచడానికే వాడాం. డిసెంబరు 11న, ఇరవై ఒకటో రోజు, ఉయ్యాల్లో పరిచి బాబుని వేసి పాటలు పాడినంత సేపూ అందరం చుట్టూనే ఉన్నాం. అమ్మ నాలుగో అంచుని వేళ్ళతో తడిమి చూసింది.

రెండో బొంత తొందరగా అయింది. 2025 జనవరి 5న మొదలుపెట్టి మార్చి 16కి ముగించాను. అవీ అమ్మమ్మ చీరల్లోని మిగతా ముక్కలే, పిన్ని కూతురు కూడా ఆవిడ మనవరాలేగా. ఈసారి నాలుగు పొరలే వేశాను. పురుటికి పిన్ని డాలస్ వెళ్తోంది, ఆవిడతోనే పంపాను. రెండు పెట్టెలు, ఒక్కోదానికి 23 కిలోలు. కాటా పెట్టి చూస్తే అరకిలో ఎక్కువైంది, బొంత బరువు సరిగ్గా అంతే. పచ్చడి సీసాలకి చుట్టి పెడతానంది పిన్ని, నేను ఒప్పుకోలేదు. చివరికి కందిపొడి పొట్లం ఒకటి తీసేసి బొంతని చేతి సంచిలో పెట్టుకుంది. అక్కడి ఆసుపత్రి వాళ్ళూ ఏడాది దాకా తొట్టెలో దుప్పటి, దిండు వద్దన్నారట. పాపని బోర్లా వేసి ఆడించడానికి నేల మీద పరుస్తున్నారు. డ్రయ్యర్‌లో వేయొద్దని చెప్పడం మర్చిపోయాను. మొదటి ఉతుకులోనే వేశారు, అంచులు ముడుచుకుపోయి ఒక వైపు కుట్టు బిగిసింది. బొంత ఇచ్చేటప్పుడు ఎలా ఉతకాలో చిన్న కాగితం మీద రాసి ఇవ్వండి: చన్నీళ్ళు, తక్కువ సబ్బు, పిండకుండా నీడలో ఆరబెట్టడం.

మూడోది నా స్నేహితురాలికి. వాళ్ళమ్మ 2021లో కోవిడ్‌తో పోయారు. చీరలన్నీ ఎవరెవరికో ఇచ్చేశారు, దాని దగ్గర మిగిలింది ఒకే ఒక్క పాలియెస్టర్ చీర. మే నెలలో అది తెచ్చి నా ముందు పెట్టి, "దీంతో అవుతుందా?" అని అడిగింది. అవదని నాకు తెలుసు. చెమట పీల్చదు, నూలు పొరలతో కలవదు. మూల మీద ఇస్త్రీ పెట్టె ఆనిస్తే అట్టకట్టుకుపోయింది. అవదని చెప్పలేక వారం రోజులు ఊరుకున్నాను. తర్వాత దాని పాత కాటన్ చున్నీలు, వాళ్ళాయన మెత్తబడ్డ లుంగీలు అడిగి తీసుకుని పొరలు అవి వేశాను. చీరలోంచి నాలుగంగుళాల చదరం కోసి, దాని వెనక నూలు గుడ్డ పెట్టి, బిడ్డ ఒంటికి తగలని పై వైపు ఒక మూలన కుట్టాను. నారింజ రంగు మీద చిన్న తెల్ల పువ్వులు. ఆగస్టు 10న ఇచ్చాను. అది బొంత మొత్తం చూడలేదు. ఆ చదరం మీద బొటనవేలు పెట్టి అటూ ఇటూ రాస్తూ కూర్చుంది. చాలాసేపయ్యాక, "ఇది కట్టుకునే నన్ను బడికి దింపేది" అంది.

ఖర్చు ఎంతని చాలామంది అడుగుతున్నారు. టైలర్‌కి ఇచ్చిన 300 తీసేస్తే మొదటి బొంతకి దారం రెండు ఉండలు, సూదుల ప్యాకెట్టు, వేలి తొడుగు, కత్తెర సాన అన్నీ కలిపి 350 రూపాయలు దాటలేదు. ఉతకడం, పరచడం, విప్పడం, అంచులు అన్నీ కలుపుకుంటే 45 గంటలు. అమ్ముతావా అని ఇద్దరు అడిగారు. నాకు మనసొప్పలేదు. కొత్త గుడ్డ కొని కుట్టమని అడిగినవాళ్ళకి కూడా వద్దనే చెప్పాను. కొత్త నూలు ఎంత మంచిదైనా పదేళ్ళు కట్టి ఉతికిన చీర మెత్తదనం దానికి రాదు.

చెల్లి కొడుక్కి ఇప్పుడు పదో నెల నడుస్తోంది. ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటున్నాడు. బొంత మూల ఒకటి నమిలి నమిలి దారం లేచిపోయిందని నిన్న ఫోటో పంపింది. చూస్తే అది నాలుగో అంచు మూలే. ముదురాకుపచ్చ దారం ఇంకా కొంచెం మిగిలి ఉంది, నంబరు కాగితంతో సహా. వచ్చే శనివారం వెళ్తున్నాను.